లెక్కించాల్సింది వదిలిన చేప పిల్లలను కాదు, బతికిన వాటిని

జీఎస్-3 సిలబస్‌లో ‘పశుపోషణ ఆర్థికాంశాలు’ అనే చిన్న మాట ఒకటి ఉంది. మనలో చాలామంది దాని కింద పాడి, కోళ్ల పెంపకం గురించి నోట్స్ రాసుకుంటాం. చేపల దగ్గరికి వచ్చేసరికి నీలి విప్లవం, పీఎంఎంఎస్‌వై, ఆక్వాకల్చర్‌లో ప్రపంచంలో రెండో స్థానం అని మూడు వాక్యాలు రాసి పేజీ తిప్పేస్తాం. ఆ మూడు వాక్యాలూ నిజమే. కానీ గుడ్డు నుంచి బయటికి వచ్చిన చేప పిల్ల మొదటి రెండు వారాలు ఎలా బతుకుతుంది, ఎందుకు చస్తుంది అన్న ప్రశ్న వాటిలో ఎక్కడా కనిపించదు. రైతు లాభనష్టాలు, ఒక దేశవాళీ జాతి భవిష్యత్తు, ఒక నిషేధం విజయవంతం కావడం, ఈ మూడూ ఆ రెండు వారాల మీదే ఆధారపడి ఉన్నాయని ఈ వ్యాసంలో వాదిస్తాను. అందుకు ఉదాహరణగా మీసాల చేపల జాతికి చెందిన నాటు మాగుర్‌ను తీసుకుంటున్నాను.

పుదుచ్చేరిలో ఉండి చదువుకునే తెలుగు అభ్యర్థులకు ఈ అంశం రెండు వైపుల నుంచీ దగ్గరే. పట్టణంలో చేపలంటే సముద్రపు చేపలే గుర్తొస్తాయి. అయితే ఊసుడు, బాహూరు వంటి మంచినీటి చెరువులు కూడా ఈ ప్రాంతానివే. ఇక ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, గౌతమీ గోదావరి ఒడ్డున, కాకినాడ పక్కన ఉంది. అంటే దేశంలో చేపల చెరువులు అత్యంత విస్తారంగా ఉన్న గోదావరి డెల్టాలో పుదుచ్చేరి పాలనకూ ఒక అడుగు ఉంది.

రెండు మాగుర్‌లు, ఒక నిషేధం

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. ప్రిలిమ్స్‌కు కూడా ఇది పనికొస్తుంది.

నాటు మాగుర్ మన నేలది. తెలుగు ప్రాంతాల్లో మార్పు చేప అని కూడా అంటారు. బీహార్ రాష్ట్ర చేప ఇదే. చాలాకాలం దీన్ని ‘క్లేరియస్ బాట్రాకస్’ అన్నారు. ఇప్పుడు భారత ఉపఖండపు చేపను ‘క్లేరియస్ మాగుర్’ అనే వేరే జాతిగా గుర్తిస్తున్నారు. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఇది ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ వర్గంలో ఉంది. వరి చేలు, బురద కుంటలు, చిత్తడి నేలలు దీని ఇల్లు. మొప్పలతో పాటు గాలి పీల్చుకునే ప్రత్యేక అవయవం ఉండటం వల్ల ఆక్సిజన్ తక్కువగా ఉన్న నీటిలోనూ బతకగలదు. చెరువులు పూడి, చేలల్లో పురుగుమందుల వాడకం పెరిగి, వాగుల్లో చిన్న చేపలను కూడా ఊడ్చేయడంతో సహజ ఆవాసాల్లో తగ్గిపోయింది.

రెండోది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, ‘క్లేరియస్ గారీపినస్’. మార్కెట్‌లో దీన్నే ‘థాయ్ మాగుర్’ అంటారు. ఇది త్వరగా పెరుగుతుంది, ఏది వేసినా తింటుంది, నీళ్లలో దొరికిన చిన్న చేపలన్నిటినీ మింగేస్తుంది. చెరువు గట్టు దాటి వాగులో పడితే స్థానిక జాతులకు ముప్పు. అందుకే దీని పెంపకాన్ని 2000లో దేశంలో నిషేధించారు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వీటిని ధ్వంసం చేయాలని ఆదేశించింది. అయినా తెలుగు రాష్ట్రాల్లో చికెన్ వ్యర్థాలతో క్యాట్‌ఫిష్ పెంచుతున్న చెరువులపై దాడులు, పట్టుకున్న చేపలను గొయ్యి తీసి పూడ్చడం, కొన్నాళ్లకు మళ్లీ అదే వార్త. ఇది మనం ఏళ్ల తరబడి పత్రికల్లో చదువుతున్నదే.

మూడో చేప ఒకటుంది. దాన్ని పై రెంటితో కలపకూడదు. ఆంధ్ర రైతులు ‘ఫంగస్’ అని పిలిచే పంగాసియస్ కూడా మీసాల చేపే, విదేశీదే. 1990ల మధ్యలో బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కు వచ్చి, అక్కడి నుంచి ఆంధ్రకు చేరింది. దీని పెంపకానికి మాత్రం నియమాలతో అనుమతి ఉంది. ఇది చెరువులో తనంతట తాను గుడ్లు పెట్టదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అంతటి వేటగత్తె కూడా కాదు. విదేశీ జాతులన్నిటినీ ఒకే గాటన కట్టకుండా, ఒక్కొక్కదాని ప్రమాదాన్ని విడిగా అంచనా వేయాలనడానికి ఇది మంచి ఉదాహరణ.

నిషేధం మాత్రమే ఎందుకు చాలలేదు?

నిషేధం తప్పు అని నేను అనడం లేదు. జీవవైవిధ్య ఒప్పందంలోని 8(హెచ్) అధికరణం ప్రకారం ఆక్రమణ జాతుల నియంత్రణ మన బాధ్యత. 2022 నాటి కున్‌మింగ్–మాంట్రియల్ ఒప్పందంలోని ఆరో లక్ష్యం అయితే 2030 నాటికి ఆక్రమణ జాతుల రాకను, అవి స్థిరపడటాన్ని కనీసం సగానికి తగ్గించాలని చెబుతోంది. రాజ్యాంగంలోని 48ఏ, 51ఏ(జి) అధికరణాల స్ఫూర్తి కూడా ఇదే.

అయితే రైతు వైపు నుంచి ఒకసారి చూడండి. అతనికి ఉన్నది చిన్న చెరువు, నాణ్యత అంతంతమాత్రంగా ఉండే నీరు, చేతిలో కొద్దిపాటి పెట్టుబడి. ఇలాంటి చోట గాలి పీల్చే చేపే నిలబడుతుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్ల దొంగచాటుగానైనా కావలసినంత దొరుకుతుంది. కిలో బరువున్న ఒక్క తల్లి చేప అరలక్షకు పైగా గుడ్లు ఇవ్వగలదు. నాటు మాగుర్ తల్లి బరువే నూరు, నూటయాభై గ్రాములు. అది ఇచ్చే గుడ్లు కొన్ని వేలు మాత్రమే. పైగా వానాకాలంలోనే గుడ్లు పెడుతుంది. మగ చేప నుంచి వీర్యం చేత్తో పిండితే రాదు. చేపను కోసి వృషణాలు బయటికి తీయాల్సిందే. అంటే ప్రతి విడత ప్రజననానికీ కొన్ని మగ చేపలను కోల్పోవాలి. ఇన్ని కష్టాలు పడి పుట్టించిన పిల్లల్లో సగానికి పైగా రెండు వారాల్లో చనిపోతే, మిగిలిన పిల్ల ధర ఎంత పలుకుతుంది? ఆ ధరకు ఎంతమంది రైతులు కొంటారు?

నిషేధం ఒక తలుపు మూసింది. రెండో తలుపు తెరవడానికి కావలసినది దేశవాళీ సీడ్. అది చాలినంత లేకపోతే చట్టాన్ని మీరడానికే లాభం ఎక్కువ. అందుకే నా దృష్టిలో అక్రమ క్యాట్‌ఫిష్ సమస్య సగం పోలీసు సమస్య, సగం హ్యాచరీ సమస్య. మొదటి సగం మీద మాట్లాడినంతగా మనం రెండో సగం మీద మాట్లాడటం లేదు.

ఆ రెండు వారాల్లో ఏం జరుగుతుంది?

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పీయూష గ్రంథి సారంతో కార్ప్ చేపల్లో ప్రేరిత ప్రజననం సాధించారు. ఏటా జూలై 10ని జాతీయ మత్స్య రైతు దినంగా జరుపుకునేది అందుకే. ఆ విజయం తర్వాత చేప చేత గుడ్లు పెట్టించడం మనకు పెద్ద సమస్య కాలేదు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్రీయ మంచినీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ, అంటే సీఐఎఫ్‌ఏ, మాగుర్ ప్రజనన పద్ధతిని కూడా అభివృద్ధి చేసింది. హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి, గుడ్లు పిండి, చిన్న ప్లాస్టిక్ టబ్బుల్లో నీరు నెమ్మదిగా పారేలా అమర్చి పొదిగిస్తారు. 27–28 డిగ్రీల నీటిలో దాదాపు ఒక రోజులో గుడ్డు పగులుతుంది. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది.

మొదటి మూడు, నాలుగు రోజులు పిల్ల తన పొట్ట కింద ఉన్న పచ్చసొన సంచి మీద బతుకుతుంది. అది అయిపోయే సమయానికి నోటికి అందే మేత సిద్ధంగా లేకపోతే ఆకలికి చస్తుంది. ఒక పూట ఆలస్యమైనా నీరసించిన పిల్ల తర్వాత మేత ఉన్నా తినలేదు.

మేత వేస్తే సరిపోదు, అది జీర్ణం కావాలి. ఈ వయసులో పిల్లకు జీర్ణాశయం పూర్తిగా ఏర్పడి ఉండదు. పొడి మేత నోట్లోకి పోయినా ఒంటికి పట్టదు. అందుకే మొదటి రోజుల్లో ప్రాణమున్న మేత కావాలి. అంటే ఆర్టీమియా పిల్లలు, చెరువు నీటిలోని జంతు ప్లవకాలు, ట్యూబిఫెక్స్ పురుగులు వంటివి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ లార్వాల మీద నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో జరిగిన పరిశోధనలు తేల్చింది కూడా ఇదే. కొన్ని రోజులు జీవాహారం ఇచ్చి, జీర్ణాశయం పని చేయడం మొదలయ్యాక పొడి మేతకు మళ్లించాలి.

తర్వాత శ్వాస. పెద్ద మాగుర్ గాలి పీలుస్తుందని తెలిసిన వాళ్లు దాని పిల్ల కూడా అలాగే బతుకుతుందని అనుకుంటారు. గాలి పీల్చే అవయవం ఏర్పడటానికి పది, పన్నెండు రోజులు పడుతుంది. అప్పటివరకు అది నీటిలో కరిగిన ఆక్సిజన్ మీదే ఆధారపడుతుంది. మిగిలిన మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెరిగితే మొదట పోయేది ఆ పిల్లే. గాలి పీల్చడం మొదలుపెట్టిన తర్వాత ఇంకో చిక్కు. మాటిమాటికీ పైకి రావాలి. నీరు లోతుగా ఉంటే ఆ ఈతకే శక్తి అంతా ఖర్చవుతుంది. అందుకే నర్సరీ తొట్టిలో నీరు జానెడు లోతు కూడా ఉండకూడదు.

చివరిది, అన్నిటికన్నా కఠినమైనది, తోబుట్టువులను తినడం. మీసాల చేపల పిల్లలన్నీ ఒకేలా పెరగవు. కొన్ని ముందుకు దూకుతాయి. తేడా తక్కువగా ఉన్నప్పుడు పెద్దది చిన్నదాని తోకను కొరుకుతుంది. తేడా పెరిగితే తలవైపు నుంచి మొత్తంగా మింగేస్తుంది. పంగాసియస్‌లో ఈ గుణం గుడ్డు పగిలిన రెండు, మూడు రోజులకే కనిపిస్తుంది. మేత తక్కువైనా, గుంపు ఎక్కువైనా, వెలుతురు ఎక్కువైనా ఇది పెరుగుతుంది.

బతికించే పద్ధతులు సాదాసీదావే

ఈ కారణాలు చూస్తే విరుగుడు కూడా అక్కడే కనిపిస్తుంది. ఇందులో ఖరీదైన యంత్రాలు పెద్దగా లేవు. కావలసింది సమయపాలన, ఓపిక, శిక్షణ పొందిన మనిషి.

ఒకటి, మేతను పిల్లకన్నా ముందే సిద్ధం చేయాలి. గుడ్లు పొదిగించిన రోజే ప్లవకాల తొట్టిని తయారు చేయడం మొదలుపెట్టాలి, లేదా పచ్చసొన అయిపోవడానికి దాదాపు ఒక రోజు ముందు ఆర్టీమియా గుడ్లను ఉప్పునీటిలో వేయాలి. మాగుర్ చీకటి పడ్డాక చురుగ్గా తింటుంది. కాబట్టి పగటి పూట ఒకేసారి కుమ్మరించడం కన్నా సాయంత్రం నుంచి కొద్దికొద్దిగా చాలాసార్లు వేయడం మేలు.

రెండు, నీడ. దక్షిణాఫ్రికాలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో వెలుతురు తగ్గించి, దాక్కోవడానికి చోటు ఇస్తే కొట్లాటలు తగ్గి ఎదుగుదల మెరుగైంది. తొట్టి మీద నల్లటి షేడ్ నెట్, లోపల పైపు ముక్కలు, నీటి మొక్కలు వంటివి వేయడానికి అయ్యే ఖర్చు ఏపాటిది?

మూడు, సైజు వారీగా వేరు చేయడం. కొన్ని రోజులకొకసారి జల్లెడ లాంటి వలతో పెద్దవాటిని వేరే తొట్టిలోకి మార్చాలి. విసుగు పుట్టించే పని ఇది. నేరుగా ఫలితం ఇచ్చేది కూడా ఇదే.

నాలుగు, శుభ్రత. అడుగున చేరిన మేతను, చచ్చిన పిల్లలను రోజూ సైఫన్ చేసి తీయాలి. మురుగు కాలువల్లో సేకరించిన ట్యూబిఫెక్స్‌ను కడగకుండా వేస్తే మేతతో పాటు రోగం కూడా వస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. పంగాసియస్ లార్వాల తొలి మరణాల్లో బ్యాక్టీరియాకు పెద్ద పాత్ర ఉందని ఇండోనేషియాలో జరిగిన పరిశోధనలు చూపించాయి. దాంతో యాంటీబయాటిక్ వేస్తే సరిపోతుందన్న ఆలోచన సహజంగా వస్తుంది. అది ప్రమాదకరమైన దగ్గర దారి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి ఆక్వాకల్చర్‌లో నిషిద్ధం. ఔషధ నిరోధకత అనే ఇంకో జీఎస్ అంశాన్ని హ్యాచరీ తొట్టిలో మనమే పెంచి పోషించినట్టవుతుంది. శుభ్రమైన నీరు, తక్కువ గుంపు, తాజా మేత ముందు రావాలి.

ఐదు, కంచె. తొట్టి నుంచి చెరువుకు మారాక కప్పలు, పాములు, పక్షులు, నీటి పురుగులు కాచుకుని ఉంటాయి. కాంగోలో క్యాట్‌ఫిష్ నర్సరీ చెరువుల చుట్టూ కప్పలు దూరకుండా కంచె కట్టినప్పుడు, కట్టని చెరువులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పిల్లలు దక్కాయి. అక్కడ పిల్లను కాపాడింది ఖరీదైన మేత కాదు, ఒక అడ్డు.

ఒక చిన్న లెక్క

పై మాటల విలువ అంకెల్లో చూద్దాం. ఇది ఉదాహరణ కోసం వేసిన లెక్క మాత్రమే. ఒక హ్యాచరీలో 10,000 మాగుర్ పిల్లలు పుట్టాయనుకుందాం. తొట్టి దశలో 30 శాతం, తర్వాత చెరువు దశలో 50 శాతం బతికితే రైతు చేతికి వచ్చేవి 1,500 వేలెడు పిల్లలు. అదే తొట్టి దశలో 60 శాతం, చెరువు దశలో 70 శాతం బతికితే 4,200. దాదాపు 2.8 రెట్లు. దీనికోసం ఒక్క తల్లి చేపను కూడా అదనంగా పట్టలేదు. ఒక్క మగ చేపను కూడా అదనంగా కోయలేదు.

ఈ చివరి మాట ముఖ్యం. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి విషయంలో తల్లి చేపలు చాలాసార్లు సహజ నీటి వనరుల నుంచే వస్తాయి. బతుకు శాతం తక్కువైతే, అదే సంఖ్యలో సీడ్ కోసం మరిన్ని తల్లి చేపలను వాగుల నుంచి తేవాలి. అంటే సరిగా నడవని హ్యాచరీ జాతిని కాపాడకపోగా తానే ఒక వేటగాడిగా మారుతుంది. బతుకు శాతం పెంచడం రైతు ఆదాయానికి ఎంత అవసరమో, సంరక్షణకూ అంతే అవసరం.

మన పథకాలు ఏం లెక్కిస్తున్నాయి?

ఇప్పుడు పాలన విషయానికి వద్దాం. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన అంచనా వ్యయం రూ.20,050 కోట్లు. దాని ప్రధాన లక్ష్యాలు మనకు కంఠతా వచ్చు. ఉత్పత్తి 220 లక్షల టన్నులకు చేరడం, హెక్టారుకు ఉత్పాదకత 3 టన్నుల నుంచి 5 టన్నులకు పెరగడం, ఎగుమతులు లక్ష కోట్ల రూపాయలకు చేరడం, చేప పట్టిన తర్వాతి నష్టాలు 20–25 శాతం నుంచి 10 శాతానికి తగ్గడం. చివరి లక్ష్యాన్ని గమనించండి. పట్టిన తర్వాత పాడయ్యే చేపకు ఒక జాతీయ లక్ష్యం ఉంది. పట్టేంతవరకు పెరగకుండానే, పుట్టిన రెండు వారాల్లో పోయే చేపకు అలాంటి శీర్షిక లక్ష్యం లేదు. పథకం కింద హ్యాచరీలకు సాయం ఉంది. కానీ హ్యాచరీ కట్టడం ఒకటి, అందులో పిల్ల బతకడం మరొకటి.

రాష్ట్రాల్లోనూ ఇదే తీరు. తెలంగాణ 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదులుతోంది. మత్స్యకార సంఘాలకు మేలు చేయాలన్న ఆశయం మంచిదే. కానీ ఏటా వార్తలో కనిపించే అంకె ‘ఇన్ని కోట్ల పిల్లలు వదిలారు’ అన్నదే. ఆరు నెలల తర్వాత ఎన్ని మిగిలాయన్న అంకె అంత ప్రముఖంగా కనిపించదు. ఆంధ్రప్రదేశ్‌కు 2006 నుంచే ఆక్వా సీడ్ నాణ్యత నియంత్రణ చట్టం ఉంది. చట్టం ఉన్న రాష్ట్రంలో కూడా పంగాసియస్ సీడ్ కోసం పశ్చిమ బెంగాల్ వైపు చూడాల్సిన పరిస్థితి చాలాకాలం నడిచింది. అంత దూరం ప్రయాణించి అలసిన పిల్ల చెరువులో పడ్డాక ఏమవుతుందో రైతుకు తెలుసు. కొన్న సంఖ్యకు బిల్లు ఉంటుంది, చచ్చిన సంఖ్యకు ఉండదు. స్పాన్ దశలో పిల్లలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేరు. చిన్న గిన్నెతో కొలిచి ఇస్తారు. ఆ కొలతలో ప్రాణమున్నవి ఎన్ని, రేపటికి మిగిలేవి ఎన్ని అన్నది అమ్మేవాడి బాధ్యత కాకుండా పోయింది.

పరిపాలన భాషలో చెప్పాలంటే ఇది వ్యయం, ఉత్పాదన, ఫలితం మధ్య తేడా. నాటిన మొక్కలు, కట్టిన మరుగుదొడ్లు, చేర్చుకున్న విద్యార్థులు, వదిలిన చేప పిల్లలు ఉత్పాదనలు. బతికిన చెట్టు, వాడుతున్న మరుగుదొడ్డి, చదవగలిగిన పిల్లవాడు, పట్టుబడికి వచ్చిన చేప ఫలితాలు. జీఎస్-2లో రాసుకున్న ఈ పాఠానికి ఇంతకన్నా సూటైన ఉదాహరణ దొరకదు.

ఎదురు వాదనలు

నా అభిప్రాయానికి ఎదురు వచ్చే వాదనలు మూడు ఉన్నాయి. వాటిని దాటవేయకూడదు.

మొదటిది, బొచ్చె, రాగండి వంటి కార్ప్‌లు తేలిగ్గా పెరుగుతున్నప్పుడు ఇంత కష్టమైన మాగుర్ ఎందుకు? కార్ప్‌కు మంచి నీరు, కాస్త పెద్ద చెరువు కావాలి. అవి లేని చిన్న రైతు ఎంపిక చేసుకోగల చేప వేరు. మాగుర్‌కు మార్కెట్‌లో మంచి ధర ఉంటుంది, ప్రాణంతోనే అమ్మవచ్చు, ఐసు ఖర్చు ఉండదు. ఇది కార్ప్‌కు పోటీ కాదు, కార్ప్ నిలవని చోటికి తగిన చేప.

రెండోది, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పేదవాడి చవక మాంసకృత్తులు కదా? బలమైన వాదనే. ఆఫ్రికా ఖండంలో అది తన సొంత నీటిలో ఎంతోమందికి తిండి పెడుతోంది. కానీ ఇక్కడ దాన్ని పెంచుతున్న తీరు చూడాలి. చికెన్ వ్యర్థాలు, కుళ్లిన నీరు, ఏ తనిఖీ లేని అమ్మకం. పేదవాడికి చవకగా దొరికే తిండి ఎలాంటిదైనా పర్వాలేదనడం న్యాయం కాదు. పైగా అది పారిపోయి కొల్లేరు లాంటి చిత్తడి నేలల్లో స్థిరపడితే, అక్కడి చిన్న చేపల మీద బతికే మత్స్యకారుడు కూడా పేదవాడే.

మూడోది, ఆర్టీమియా చాలావరకు దిగుమతి సరుకు, చిన్న హ్యాచరీ భరించలేదు. నిజమే. అందుకే మొదటి కొన్ని రోజులకు మాత్రమే దాన్ని వాడి, స్థానికంగా పెంచిన ప్లవకాలకు, ఆపై గుడ్డు కస్టర్డ్‌కు, పొడి మేతకు మళ్లించే క్రమం ప్రతి ప్రాంతానికీ తగినట్టు రూపొందించాలి. పరిశోధన సంస్థల పని ఇక్కడే ఎక్కువ.

ఇక ఒప్పుకోవాల్సిన పరిమితి ఒకటుంది. ఎంత బాగా పెంచినా నాటు మాగుర్ ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అంత వేగంగా పెరగదు. దీనితో నిషిద్ధ చేప మార్కెట్ మొత్తాన్ని నింపగలమని చెప్పడం అతిశయోక్తి. కొంత భాగాన్ని నింపగలిగినా చట్టాన్ని పాటించే రైతుకు ఒక దారి దొరుకుతుంది. ఇప్పుడు అతనికి ఆ దారి కూడా సరిగా లేదు.

ముందున్న దారి

మొదట, సీడ్ పథకాల్లో బతుకు శాతాన్ని ఒక సూచికగా చేర్చాలి. వదిలిన 30 రోజులకు నమూనా వల వేసి లెక్కించడం కష్టమైన పని కాదు. సబ్సిడీలో ఒక భాగాన్ని ఆ అంకెతో ముడిపెట్టవచ్చు. 2024లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజనలో పనితీరు ఆధారిత ప్రోత్సాహకాల ఆలోచన ఇప్పటికే ఉంది. దాన్ని నర్సరీ దశకు విస్తరించాలి.

రెండు, పుట్టించేవాడిని, పెంచేవాడిని వేరు చేయాలి. ప్రభుత్వ హ్యాచరీ మూడు రోజుల పిల్లను ఇస్తే, దాన్ని వేలెడు పిల్లగా చేసే నర్సరీ పనిని గ్రామాల్లో మహిళా సంఘాలకు అప్పగించవచ్చు. తొట్టి, షేడ్ నెట్, జల్లెడ, రోజూ నాలుగుసార్లు మేత వేసే ఓపిక. ఈ పనికి ఎకరాలు అక్కర్లేదు, పెరడు చాలు.

మూడు, ఉన్న సంస్థలను కలపాలి. విజయవాడలో సీఐఎఫ్‌ఏ ప్రాంతీయ కేంద్రం, కాకినాడలో కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ కేంద్రం, రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, హైదరాబాద్‌లో జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఉన్నాయి. చేపల పెంపకం రాష్ట్ర జాబితాలోని 21వ అంశం కాబట్టి చొరవ రాష్ట్రాలదే. శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతంగా పుదుచ్చేరి కూడా ఒక అడుగు వేయవచ్చు. యానాం రైతుకు శిక్షణ కాకినాడలో దొరికేలా ఆంధ్రప్రదేశ్‌తో ఒప్పందం కుదిరితే, సహకార సమాఖ్యవాదానికి అది చిన్నదైనా నిఖార్సైన ఉదాహరణ అవుతుంది.

నాలుగు, నిషేధం అమలులో దాడి జరిగిన చోటే ప్రత్యామ్నాయం కూడా చూపాలి. చేపలను పూడ్చిపెట్టిన చెరువు యజమానికి అదే సీజన్‌లో దేశవాళీ సీడ్, శిక్షణ అందే ఏర్పాటు ఉంటే మళ్లీ తప్పుదారి పట్టే అవకాశం తగ్గుతుంది.

ముగింపు

ప్రభుత్వం చేతిలో ఉన్న అత్యంత తేలికైన పని లెక్క చూపించడం. కష్టమైన పని, చూపించిన లెక్కలో ప్రాణం ఎంత మిగిలిందో చూసుకోవడం. రేపు మనలో ఎవరైనా ఒక జిల్లాలో బాధ్యత తీసుకుంటే, మత్స్యశాఖ ఫైలులో ‘వదిలిన పిల్లలు’ అన్న గడి పక్కన ‘30 రోజులకు మిగిలినవి’ అన్న ఇంకో గడి గీయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం మనం చేపలను పెంచుతున్నామా, లేక అంకెలను పెంచుతున్నామా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ప్రిలిమ్స్ కోసం గుర్తుంచుకోండి

- క్లేరియస్ మాగుర్: దేశవాళీ జాతి, ఐయూసీఎన్ జాబితాలో అంతరించే ప్రమాదంలో ఉన్నది.
- క్లేరియస్ గారీపినస్: ఆఫ్రికన్ జాతి, దేశంలో పెంపకం నిషిద్ధం.
- పంగాసియస్: విదేశీ జాతి, నియమాలతో అనుమతి ఉంది.
- జూలై 10: జాతీయ మత్స్య రైతు దినం.
- చేపల పెంపకం: రాష్ట్ర జాబితా, 21వ అంశం. ప్రాదేశిక జలాల వెలుపల చేపల వేట: కేంద్ర జాబితా, 57వ అంశం.

మెయిన్స్ అభ్యాస ప్రశ్న

“ఆక్రమణ జాతులపై నిషేధం, దేశవాళీ ప్రత్యామ్నాయం అందుబాటులో ఉన్నప్పుడే ఫలిస్తుంది.” మంచినీటి ఆక్వాకల్చర్ నేపథ్యంలో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)